మూటాముల్లె

తెలుగులో 'మూటాముల్లె' అనే జంటపదం ఒకటి ఉన్నది. మూట అంటే గుడ్డలో పెట్టి కట్టిన సామాను. ముల్లె అంటే ముడివేసి దాచుకొన్న సొమ్ము. 'మూటాముల్లె సర్దుకొన్నారు' అంటే ఊరు విడిచి బయలుదేరినారని అర్థం. ప్రయాణానికి కావలసినవి రెండే రెండని, ఆ రెండింటికీ ఒక గుడ్డ చాలునని ఈ మాట చెప్పకనే చెబుతున్నది. పెట్టె లేదు, తాళం లేదు. ఒంటిమీద కట్టుకొన్నది ఒక గుడ్డ, సామాను కట్టినది మరొక గుడ్డ.

ఇప్పటి యువతీయువకుల మాట వేరు. వీపున సంచి తగిలించుకొని, మిత్రులతో కలిసి, తక్కువ ఖర్చుతో దేశదేశాలు తిరిగి రావాలన్న కోరిక వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వంటి పట్టణాల కళాశాలలలోనూ వినిపిస్తున్నది. ఈ తరహా యాత్ర 1960, 1970 దశకాలలో ఐరోపా యువకుల వలన ప్రచారంలోకి వచ్చింది. వారు ఇస్తాంబుల్ నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా బస్సులలో, లారీలలో భారతదేశానికి, నేపాలుకు చేరుకొనేవారు. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది. ఆ సంవత్సరం చివరనే సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో ప్రవేశించినవి. దానితో ఆ దారి మూతపడింది. వీపుసంచి యాత్ర మాత్రం మూతపడలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. ఆ పరదేశీ యాత్రికులలో చాలామంది ఈ నేల మీద అడుగుపెట్టగానే తమ దుస్తులను మడిచిపెట్టి మన లుంగీలను, లాల్చీలను ధరించినారు. ఇక్కడి నుంచి లోకం చూడబోయేవారు మాత్రం మొట్టమొదట చేసే పని చీరను, పంచెను బీరువాలో పెట్టడం. చీర కట్టుకొని కొండ ఎక్కలేరని, పంచెతో పరుగెత్తలేరని, పరాయిదేశంలో నవ్వులపాలవుతారని సాధారణంగా వినిపించే మాట. ఈ మాటలో నిజమెంత? దీనికి జవాబును దూరదేశాలలో కంటె ముందు పాలమూరు నేల మీదనే వెదకవచ్చు.

పాలమూరు అనేది పాత మహబూబ్‌నగర్ జిల్లాకు వాడుకపేరు. 2016 అక్టోబరులో ఆ జిల్లా నుంచే వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. ఈ ప్రాంతపు కురుమ, గొల్ల కాపరులు మేత దొరకని నెలలలో మందలను తోలుకొని పచ్చిక, నీరు ఉన్న చోట్లను వెదకుతూ వారాల తరబడి నడుస్తారు. వారి భుజాన నల్ల గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి ఉంటుంది. నేతకు ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టించి దానిని గట్టిపరుస్తారు. వాన వచ్చినప్పుడు ఆ గొంగడినే కొప్పెరగా మలచి తలమీద వేసుకొంటే గొడుగు. రాత్రి పరిస్తే పక్క. చలి ముదిరితే కప్పు. ఎండవేళ నాలుగు కర్రలమీద వేస్తే పందిరి. ఈనాడు దూరయాత్రికులు వేరువేరుగా కొనుక్కొనే వానకోటు, నిద్రసంచి, చిన్న గుడారం అనే మూడు వస్తువుల పనిని ఆ ఒక్క నేత చేస్తున్నది. అది కొంచెం బరువన్నది నిజమే. తడిసిన గొంగడి మోసినవారికి ఆ బరువు తెలుస్తుంది.

పంచె, చీర విషయం కూడ ఇటువంటిదే. తలపాగాను విప్పితే తువాలు. చుట్టి పెడితే తలగడ. బావిలో చేదతాడు పొట్టిదైతే దాని కొసకు ముడివేసే అదనపు తాడు. భుజాన వేసిన కండువాలో సద్ది కట్టుకొంటే సద్దిమూట. ఇక చీరకొంగు చేసే పనులకు భాషలోనే కావలసినంత సాక్ష్యం ఉన్నది. కొంగుముడిలో డబ్బులు, ఒడిలో గింజలు, రొంటిన దోపుకొన్న తాళపుచెవి, నెత్తిమీద బిందె కుదురుగా నిలవడానికి చుట్టకుదురు, చెట్టుకొమ్మకు కడితే పసిపాపకు ఉయ్యాల. జేబు అనేది మన భాషలోకి బయటినుంచి వచ్చిన మాట. ఒడి, రొంటి, కొంగు మాత్రం మొదటినుంచీ ఉన్నవే. నాట్లు వేసే స్త్రీ చీరకుచ్చెళ్ళను ఎత్తి గోచి పోసుకొన్నప్పుడు ఆమె కాళ్ళకు ఏ అడ్డమూ ఉండదు. మోకాటిలోతు బురదలో రోజంతా వంగి పనిచేస్తుంది. అటువంటి చీరను కట్టుకొని నడవలేరనడం ఆ పొలాలను చూడనివారు చెప్పే మాట.

కుట్టని గుడ్డకు మరొక గుణం కూడ ఉన్నది. దానికి కొలత లేదు. సన్ననివారికీ లావైనవారికీ, పొడుగువారికీ పొట్టివారికీ ఒకే చీర, ఒకే పంచె సరిపోతుంది. నలుగురు స్నేహితులు కలిసి ప్రయాణం చేసేటప్పుడు ఎవరి బట్టలనైనా ఎవరైనా కట్టుకోవచ్చును. కుట్టిన దుస్తులకు ఈ సౌకర్యం లేదు.

మరి ఈ ప్రాంతంలో ఇటువంటి కట్టుబట్టలతో దూరప్రయాణాలు చేసినవారెవరు? మొదట చెప్పవలసినవారు లంబాడీలు. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల తండాలలో నేడు స్థిరపడిన వీరి పూర్వులు ఎద్దుల మందలమీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కను అంతటా వర్తకం చేసినవారు. మొగలు సేనలకు ధాన్యం అందించినవారు బంజారాలే. తెలుగులో 'పెరిక' అనే పాతమాట ఉన్నది. ఎద్దు వీపుమీద వేసే సరకుల గోనెసంచి అని దాని అర్థం. మనుషులు వీపున సంచి తగిలించుకొనడం ఈ ప్రాంతానికి కొత్త కావచ్చునుగాని, వీపుసంచి మాత్రం కొత్త కాదన్నమాట. ఆ ప్రయాణాలలో తండా అంతా కలిసి కదిలేది. స్త్రీలు అద్దాలు కుట్టిన కాంచళి, కుచ్చుల ఫేటియా, తలమీద టుక్రి ధరించే వందల మైళ్ళు నడిచినారు. పందొమ్మిదవ శతాబ్దంలో రోడ్లు, రైళ్ళు వచ్చి వారి వర్తకాన్ని దెబ్బతీసినవి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం దేశంలోని పలుచోట్ల వారిని అనుమానితులుగా ముద్రవేసింది. ఎక్కడికి పోయినా వారిని ఇట్టే పట్టి ఇచ్చినది ఆ దుస్తులే. అందమైనదని ఈనాడు ప్రదర్శనలలో మెచ్చుకొనే ఆ అద్దాల పనిని చూసి ఒకప్పుడు ఠాణాలో పేరు రాసుకొన్నారు.

రెండవ ప్రయాణం ఒక గ్రంథానికి కారణమైనది. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినాడు. దారిలో కృష్ణ దాటి, వనపర్తి సంస్థానం మీదుగా హైదరాబాదు చేరుకొన్నాడు. చూసినదంతా మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు లేఖలుగా రాసినాడు. అవి 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయినవి. అప్పటికి వీరాస్వామయ్య జీవించి లేడు. అతని వెంట నడిచినవారు నూరుమంది వరకు ఉన్నారు. అతడు పల్లకిలో పోయినాడు, బోయీలు మోసినారు. కనుక ఇది వీపుసంచి యాత్రకు చాలా దూరం. అయినప్పటికీ మిత్రునికి చెప్పడం కోసమే లోకాన్ని శ్రద్ధగా చూసిన యాత్రికుడు తెలుగులో వీరాస్వామయ్యతోనే కనిపిస్తాడు. పల్లకి మోసినవారు కూడ పుస్తకం రాసి ఉంటే అది మరొక విధంగా ఉండేది.

మూడవది పాలమూరు కూలీల ప్రయాణం. దీని ముందు తక్కిన రెండూ చిన్నవి. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా ఈ జిల్లాల చెలకలకు దశాబ్దాలపాటు నీరు అందలేదు. వాన పడని ఏడు గుంపుమేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేవరకు ఎక్కడ పని అంటే అక్కడికి పోవాలి. నాగార్జునసాగరం మొదలుకొని దేశంలోని అనేక ఆనకట్టలు, కాలువలు, రోడ్ల నిర్మాణంలో వారు తట్టలు మోసినారు. 'పాలమూరు లేబరు' అనే మాట గుత్తేదారుల నోట దేశమంతటా నడిచింది. ముంబయి, పుణె వంటి నగరాల భవనాలలోనూ వారి చెమట ఉన్నది. వారు కట్టుకొన్నది పంచె, చీర. నెత్తిన మూట. మూటలో జొన్నపిండి, రెండు గిన్నెలు, ఒక గొంగడి లేదా దుప్పటి. ఒక్కరు పోరు, పదిమంది, ఇరవైమంది కలిసి పోతారు. దేశం చూసిన సంఖ్యను బట్టి లెక్కిస్తే తెలుగువారిలో వీరికి మించిన యాత్రికులు అరుదు. కాని వీరిని యాత్రికులని ఎవరూ అనలేదు. చూడడానికి కాక బతకడానికి పోయినవారికి ఆ పేరు దక్కదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. పంచెతో, చీరతో దూరాలు పోలేరన్నది నిజం కాదు. అవి కట్టుకొనే ఇన్ని వేలమంది ఇంత దూరం పోయి వచ్చినారు. అసలు అడ్డం గుడ్డలో లేదు, చూపులో ఉన్నది. పంచె, మూట అనేవి లేమికి గుర్తులుగా స్థిరపడినవి. బస్సులో ఒకే బరువున్న వీపుసంచిని, నెత్తిమూటను చూసే కళ్ళు వేరు. వీపుసంచి వానికి 'ఎక్కడికి బాబూ?' అన్న పలకరింపు. మూటవానికి 'పక్కకు జరుగు' అన్న కసురు. ఈ కసురును తిన్న తండ్రులే తమ పిల్లలను ప్యాంటు, చొక్కాలతో కళాశాలకు పంపినారు. వారు చేసినది తప్పని ఎవరూ అనలేరు. ఆ బట్టలు వారికి గౌరవాన్ని కొనిపెట్టినవి.

ఇటువంటి చూపును ఎదిరించిన మిత్రబృందం ఒకటి భూగోళానికి అవతలి వైపున, దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో ఉన్నది. అక్కడి అయ్‌మారా జాతి స్త్రీలు 'పొయ్యేరా' అనే పెద్ద కుచ్చుల పావడా కడతారు. వీపున 'అగ్వాయో' అనే చదరపు రంగుల నేతగుడ్డలో సామానో, బిడ్డనో పెట్టి ఎదపై ముడివేస్తారు. ఇది అచ్చంగా మన మూటయే. కాకపోతే నెత్తిమీద కాక వీపుమీద ఉంటుంది. ఆ దుస్తులవారిని పనిమనుషులుగా చిన్నచూపు చూడడం ఆ దేశంలో చాలాకాలం సాగింది. పర్వతారోహకులకు వంటచేసి పెట్టడం, సామాను మోయడం ఆ స్త్రీలలో కొందరి జీవనోపాధి. ఏళ్ళ తరబడి పైకి పోయేవారికి వండిపెట్టి, పైన ఏమున్నదని అడుగుతూ ఉండిన వారికి ఒకనాడు తామే పోయి చూడాలని తోచింది. 2015 డిసెంబరులో పదకొండుమంది కలిసి 6,088 మీటర్ల ఎత్తున్న వయ్‌నా పొటోసి శిఖరాన్ని ఎక్కినారు. పావడాలు విడువలేదు. లోపల ఉన్నిబట్టలు, కాళ్ళకు మంచుమేకుల బూట్లు, తలకు రక్షణటోపీ, వాటికి తోడు కుచ్చుల పావడా. 2019 జనవరిలో వారి బృందం పొరుగుదేశమైన అర్జెంటీనాకు పోయి దక్షిణ అమెరికాలో అత్యున్నతమైన అకోంకాగువా శిఖరాన్ని, 6,961 మీటర్లు, చేరుకొన్నది. వంటమనిషి గుర్తుగా చూసిన దుస్తులు ఆ దినం శిఖరంమీద గాలికి ఎగిరినవి.

మనదేశంలో చీర కట్టు కూడ ప్రయాణం కోసమే మారినదని చాలామందికి తెలియదు. కుచ్చెళ్ళు ముందుకు దోపి, లోపావడా, రవికలతో కట్టే నేటి పద్ధతి పురాతనమని అనుకొంటారు. రవీంద్రనాథ ఠాకూరు వదినగారైన జ్ఞానదానందినీ దేవి 1860లలో భర్త సత్యేంద్రనాథునితో బొంబాయికి పోవలసి వచ్చినప్పుడు, ఇంటిలోపల కట్టే పలుచని చీర బయటికి పనికిరాదని గ్రహించినది. అక్కడి పార్సీ స్త్రీల కట్టును చూసి కొన్ని మార్పులు చేసి కొత్త కట్టును ప్రచారంలోకి తెచ్చినది. గడప దాటడానికి చీరను వదలలేదు. గడప దాటేటట్లు చీరనే మార్చినది. సంప్రదాయమంటే కదలని వస్తువు అనుకొనేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఈ మార్పు ఇంకా సాగుతూనే ఉన్నది. 2017 ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌లో జయంతి సంపత్ కుమార్ అనే మహిళ చీర కట్టుకొని 42 కిలోమీటర్లను ఐదు గంటలలోపు పరుగెత్తి ముగించినది. చేనేతకు ప్రచారం కల్పించడం ఆమె ఉద్దేశం. పుణెకు చెందిన రమాబాయి లట్‌పటే 2023 మార్చిలో నౌవారీ చీరను గోచి పోసి కట్టుకొని మోటారుసైకిలుపై ప్రపంచయాత్రకు బయలుదేరినది. నౌవారీ అంటే తొమ్మిది గజాలది. పాలమూరు పల్లెలలో నడివయసు దాటిన స్త్రీలు గోచి పోసి కట్టే చీరకు అది చెల్లెలే.

అయితే చీర ఎక్కడైనా, ఎప్పుడైనా పనికివస్తుందని వాదించడం కూడ మొండితనమే అవుతుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన నిజామాబాదు బాలిక మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఖమ్మం విద్యార్థి ఆనంద్ కుమార్ మంచుదుస్తులతోనే పోయినారు. ఆ ఎత్తున వేళ్ళు గడ్డకట్టకుండా కాపాడేది సంప్రదాయం కాదు. ద్విచక్రవాహనం వెనుక చక్రంలో కొంగు చిక్కుకొని జరిగిన ప్రమాదాలు ఎన్నో ఉన్నవి. అందుకే మనదేశంలో మోటారుసైకిళ్ళకు వెనుక చక్రాన్ని సగం కప్పే రక్షణ అమర్చాలని నియమం ఉన్నది. జరీ అంచు చీరను విడిదిలోని కుళాయి కింద బండకేసి ఉతకలేరు. తెల్లపంచెకు రైలు ప్రయాణం రెండుదినాలలోనే రంగు మారుస్తుంది. ఎక్కడ ఏది కట్టుకోవాలో తెలిసినవాడే యాత్రికుడు. బొలీవియా స్త్రీలు పావడాతో పాటు మంచుమేకుల బూట్లు కూడ తొడిగినారన్న సంగతి మరువరాదు.

ఈ సందర్భంలో గద్వాల చీరను గురించి చెప్పుకోవాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. దానికి కేంద్రం గద్వాల. అక్కడి చీరకు నడుమ భాగం నూలు, అంచులు, పైట పట్టు. నూలు చెమటను పీలుస్తుంది. పట్టు చూపులను నిలుపుతుంది. రెండూ వేరువేరు గుణాలు గల దారాలు. వాటిని కలపడం సులభం కాదు. మగ్గంమీద మూడు నాడెలు నడుస్తవి. నడుమకు ఒకటి, రెండు అంచులకు రెండు. నూలుపోగు అంచు దగ్గరకు రాగానే పట్టుపోగుతో మెలికపడి వెనుకకు మరలుతుంది. ఈ మెలికపడిన కలయికనే కుట్టు అని, కుప్పడం అని అంటారు. చీర పొడవునా, ప్రతి వరుసలోనూ ఈ మెలిక పడాలి. ఒక్కటి తప్పితే అక్కడ చిరుగు మొదలవుతుంది. సాధారణంగా ఒక మనిషి చాలడు, మగ్గం దగ్గర ఇద్దరు కూర్చొంటారు. చాలా ఇళ్ళలో వారు భార్యాభర్తలు. ఇంత పని చేసిన చీరను మడిస్తే గుప్పెడంత అవుతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర అని గద్వాలకు పేరు వచ్చినది ఈ గుణం వల్లనే. వీపుసంచిలో చోటు లెక్కపెట్టుకొనేవారికి ఇంతకంటె మంచి వార్త లేదు.

గద్వాల నేత ప్రయాణాలకు కొత్తది కాదు. ప్రతి సంవత్సరం తిరుమల బ్రహ్మోత్సవాలకు ఇక్కడినుంచి 'ఏరువాడ జోడు పంచెలు' పంపే ఆచారం సంస్థానం కాలం నుంచి వస్తున్నది. నేతగాళ్ళు నియమంతో ఉండి వాటిని నేస్తారు. చీరలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, అక్కడినుంచి తెలుగువారున్న అమెరికా, ఆస్ట్రేలియా పట్టణాలకు పోతున్నవి. నేసినవారు మాత్రం ఆ గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకొని అక్కడే కూర్చొని ఉన్నారు. వారి పిల్లలలో చాలామంది మగ్గం వద్దంటున్నారు. విదేశీ వీధిలో ఒక అమ్మాయి గద్వాల చీరతో నడిచినంత మాత్రాన ఆ మగ్గం నిలుస్తుందని చెప్పలేము. అయితే పెట్టెలో దాచి పెళ్ళికి తీసే చీర పదేళ్ళకు ఒకటి అమ్ముడుపోతుంది. తిరిగే మనిషి కట్టే చీర చిరుగుతుంది, మరొకటి కొనవలసి వస్తుంది. నేతగానికి ఈ రెండవ బేరమే మేలు.

వనపర్తిలో చదివే నలుగురు స్నేహితురాళ్ళు ఇటువంటి యాత్రకు సిద్ధపడినారనుకొందాం. మొదటి మజిలీగా నేపాలును, భూటానును ఎంచుకొనడం తెలివైన పని. భారతీయులకు ఆ రెండు దేశాలలోనూ వీసా అవసరం లేదు. భూటానులో వారికి ఒక వింత ఎదురవుతుంది. అక్కడ కార్యాలయాలకు, బడులకు పోయేవారందరూ జాతీయ దుస్తులలోనే కనిపిస్తారు. పురుషులది 'ఘో', స్త్రీలది 'కిరా'. ఘోను నడుముకు బిగించి పైకి లాగినప్పుడు రొమ్ముమీద పెద్ద సంచివంటి ఒడి ఏర్పడుతుంది. పూర్వం అందులో తినే గిన్నెను కూడ పెట్టుకొనేవారు. మన రొంటికి, ఒడికి అక్కడ ఒక జత దొరికిందన్నమాట. ఆ వీధులలో జీన్సు తొడిగినవారే పరాయివారు, చీర కట్టినవారు ఇరుగుపొరుగువారు. 'ఇది ఎక్కడి నేత?' అని ఎవరైనా కిరా కట్టిన స్త్రీ అడిగితే, నూలు ఎక్కడ ఆగి పట్టు ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపి చెప్పగలగాలి. అందుకని బయలుదేరేముందు ఆ నలుగురూ ఒకసారి గద్వాలకు పోయి, మగ్గం ముందు ఒక పూట కూర్చొని, చీర మడత నేర్చుకొని రావడం మంచిది. ఇద్దరికి రెండేసి నూలు చీరలు, ఇద్దరికి సల్వారు కమీజులు, అందరికీ ఒక గట్టి కోటు, కాళ్ళకు బూట్లు. చీరలు వంతులవారీగా మారుతవి.

ఆ తరువాత మిగిలేది పాస్‌పోర్టు దరఖాస్తు. పద్దెనిమిది సంవత్సరాలు నిండనివారి దరఖాస్తుకు తల్లిదండ్రుల సమ్మతిపత్రం జతచేయాలి. ఇంటర్మీడియట్ విద్యార్థులలో ఎక్కువమంది ఈ వయసువారే. సంతకం చేయవలసిన ఆ తండ్రి ఒకప్పుడు నెత్తిన మూటతో పుణెకు పోయి, మూడేళ్ళు తట్టలు మోసి తిరిగి వచ్చినవాడు కావచ్చును. కూతురు ఏమి కట్టుకొని పోతుందని అతడు మొదట అడగడు. ఎవరెవరు కలిసి పోతున్నారో, దారిలో డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో, ఏ దినం తిరిగి వస్తారో అడుగుతాడు.